పోయిన స్వెటర్, ఎవరూ పలకరించని పెద్దాయన: కేర్ హోమ్‌లో ఒక కుటుంబం, కేస్ స్టడీ

ఇది ఏ ఒక్క కుటుంబం కథా కాదు. ఇరవై నాలుగు గంటల నర్సింగ్ ఉండే కేర్ హోమ్‌లలో పదే పదే ఎదురయ్యే పరిస్థితులను కలిపి కూర్చిన కేసు. వయసులు, స్కోర్లు, తేదీల లెక్కలు ఆ చిత్రానికి తగినట్టు పెట్టినవే. అక్కడ పనిచేసే సోషల్ వర్కర్లు, నర్సులు, కౌన్సెలర్ల కోసం రాసింది. ఇంట్లోవాళ్ళు చదివినా పనికొస్తుంది.

కుటుంబం

పెద్దావిడకు 78 ఏళ్ళు. అల్జీమర్స్ అని తేలి ఆరేళ్ళయింది. కేర్ హోమ్‌కు వచ్చేనాటికి జబ్బు మధ్య దశలో ఉంది. జ్ఞాపకశక్తి, ఆలోచన ఎలా ఉన్నాయో చూసే ఎంఎంఎస్ఈ పరీక్షలో 30కి 13 వచ్చాయి. గుండె లయ తప్పుతుందని రక్తం పలచబరిచే మందు వాడుతున్నారు. రెండు చెవులకూ వినికిడి యంత్రాలున్నాయి. ఒక రాత్రి బాత్‌రూమ్‌కు వెళ్తూ పడిపోయి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ తర్వాత లేపాలన్నా, కూర్చోబెట్టాలన్నా ఇద్దరు మనుషులు కావాల్సివచ్చింది. దాంతో ఆసుపత్రి నుంచి నేరుగా కేర్ హోమ్‌కే వచ్చారు.

ఈ 'నేరుగా' రావడాన్ని ఫైల్లో ఒక వాక్యంగా రాసి వదిలేస్తుంటారు. కుటుంబానికి మాత్రం అదే పెద్ద దెబ్బ. నెలల తరబడి ఆలోచించి తీసుకోవాల్సిన నిర్ణయాన్ని, డిశ్చార్జి తేదీ తరుముకొస్తుంటే నాలుగైదు రోజుల్లో తీసుకున్నారు. ఆవిడ తన ఇంటి గడప మళ్ళీ తొక్కలేదు.

నాలుగేళ్ళు ఇంట్లో చూసుకున్నది కూతురు, 54 ఏళ్ళు. ఉద్యోగం సగం రోజుకు తగ్గించుకుని రాత్రుళ్ళు తల్లి గదిలోనే పడుకునేది. ఆవిడ భర్త, పెద్దాయనకు 82. కొడుకు దూరదేశంలో ఉంటాడు, కేర్ హోమ్ ఖర్చులో ఎక్కువ భాగం అతనిదే.

ఆరు వారాల్లో పదకొండు ఫిర్యాదులు

రిఫరల్ కాగితంలో ఉన్నది ఒక్క ముక్క: "కష్టమైన కుటుంబం. కూతురు ప్రతిదానికీ గొడవ." ఆరు వారాల్లో పదకొండు రాతపూర్వక ఫిర్యాదులు వచ్చాయి. ఆమె రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా ఉండేది. ఆమె వచ్చే వేళకు కొందరు అటెండెంట్లు ఆ గది వైపు వెళ్ళడమే మానేశారు. ఎవరూ రావట్లేదని ఆమె ఇంకో ఫిర్యాదు రాసేది.

స్వెటర్ పోయిందని రాసిన రోజున ఒక ఉద్యోగి ఆమెను కూర్చోబెట్టి, "మీరు చాలా ఒత్తిడిలో ఉన్నట్టున్నారు, కౌన్సెలర్‌తో మాట్లాడతారా?" అని అడిగారు. ఆమె జవాబు: "నేను బట్టల గురించి అడిగితే మీరు నా మనసు గురించి అడుగుతారేంటండీ? ముందు స్వెటర్ ఎక్కడుందో చెప్పండి."

ఆమె మాటే సరైనది. ఫిర్యాదు వెనక అపరాధభావమో దుఃఖమో ఉండొచ్చు, చాలాసార్లు ఉంటుంది కూడా. అయినా ఫిర్యాదును ముందు ఫిర్యాదుగానే చూడాలి. నిజానిజాలు తేల్చకుండా భావోద్వేగం వైపు మళ్ళిస్తే "నీ మాట నమ్మడం లేదు" అన్నట్టే వినిపిస్తుంది. అందుకే మొదటి వారమంతా కౌన్సెలింగ్ ఊసెత్తకుండా పదకొండు ఫిర్యాదులనూ ఒక్కొక్కటిగా పరిశీలించారు.

ఏడు పూర్తిగా నిజం. నాలుగు బట్టలకు సంబంధించినవి: స్వెటర్ వేడినీళ్ళ వాష్‌లో పడి కుదించుకుపోయింది, రెండు నైటీలు వేరే గదికి వెళ్ళాయి, ఒకరోజు ఇంకొకరి జాకెట్ తొడిగారు. రెండు చల్లారిన భోజనం గురించి. ఆ వరుసలో చివరి గది వీరిదే కావడంతో ట్రే చేరేసరికి ఇరవై నిమిషాలు దాటుతోంది. ఏడోది "అమ్మతో ఎవరూ మాట్లాడట్లేదు" అన్నది. వినికిడి యంత్రాలు బ్యాటరీ అయిపోయి సొరుగులో పడి ఉన్నాయి. మాట్లాడినా ఆవిడకు వినపడదు, జవాబు రాదు, కాబట్టి సిబ్బంది కూడా మాట్లాడటం తగ్గించేశారు.

రెండింటిలో ఆమె చూసింది నిజం, చెప్పిన కారణం వేరు. ముంజేతి మీద కమిలిన మచ్చను చూసి ఎవరో గట్టిగా పట్టుకుని లాగారని రాసింది. రక్తం పలచబరిచే మందు, వయసుతో కాగితంలా మారిన చర్మం, కుర్చీ చేతికి రాసుకునే చోటు, మూడూ కలిశాయి. కానీ ఆ కారణాన్ని ముందే అనుకుని విచారణ మానేయకూడదు. మోచేతి పైభాగంలో లోపలివైపు వేళ్ళ గుర్తుల్లాంటి మచ్చలు, మెడ, చెవులు, వీపు మీద కమిలిన చోట్లు కనబడితే దురుసు చేష్ట జరిగి ఉండొచ్చని అనుమానించి చూడాలి. ఇక్కడ అలాంటివి లేవని రాతలో తేల్చాకే మామూలు కారణం చెప్పారు. రెండోది, "మత్తుమందు పెంచారు, అమ్మ కళ్ళు తెరవట్లేదు" అన్నది. మందుల చార్టులో మార్పేమీ లేదు. ఆవిడకు ఆరు రోజులుగా విరేచనం కాలేదు, నీళ్ళు సరిగ్గా తాగడం లేదు. దాని మీద వచ్చిన డెలీరియం అది, అంటే ఒంట్లో తేడా వల్ల ఉన్నట్టుండి తెలివి మసకబారడం. అరుపులూ ఆందోళనా లేకుండా నిశ్శబ్దంగా, నిద్రమత్తులా వచ్చే డెలీరియాన్ని రోజూ చూసే సిబ్బంది దాటేస్తారు, మనిషిని ఎరిగినవాళ్ళు పట్టుకుంటారు. ఆ రోజు కూతురు రాయకపోతే ఇంకో రెండు రోజులు గడిచిపోయేవి.

కాలింగ్ బెల్ మోగినా రాలేదన్నది తేలలేదు, రికార్డు లేదు. జడ వేయడం లేదన్నది మాత్రం సరికాదు. పొద్దున వేసిన జడను మధ్యాహ్నానికి ఆవిడే విప్పేసుకుంటున్నారు.

ఈ లెక్క కాగితం మీద పెట్టి కూతురికీ, సిబ్బంది సమావేశంలోనూ చూపించారు. 'కష్టమైన కుటుంబం' అన్న మాట ఫైల్లోంచి పోవడానికి ఈ కాగితం చేసిన పని ఏ శిక్షణా చేయలేదు.

సరిచేసిన పనులు

బట్టలకు కుట్టిన పేరు పట్టీలు పెట్టారు. పెన్నుతో రాసిన పేరు కొన్ని ఉతుకులకే చెరిగిపోతుంది. ఉన్నివి ఇంటికే పంపి ఉతికించే ఏర్పాటు చేశారు. బ్యాటరీలు మార్చడానికి వారంలో ఒక రోజు ఖాయం చేసి, యంత్రాలు చెవికి పెట్టారా లేదా అన్నది పొద్దుటి చార్టులో పళ్ళు తోమించడం పక్కనే చేర్చారు. భోజనం బండి వారం విడిచి వారం అటు చివర నుంచి మొదలవుతుంది.

కొత్త మచ్చ, పడిపోవడం, మందు మార్పు, ఏది జరిగినా అదే షిఫ్టులో ఇంటికి ఫోన్ చేయాలి. "కారణం ఇంకా తెలియలేదు, చూస్తున్నాం, రేపు పదింటికి మళ్ళీ చేస్తాను" అంటే చాలు. కారణం తెలిశాక చెబుదామని ఆగడం దగ్గరే నమ్మకం విరుగుతుంది. కుటుంబం మచ్చను తామే చూసి అడగాల్సి వచ్చిందంటే, తర్వాత ఎంత నిజం చెప్పినా సాకులాగే ఉంటుంది.

ఫిర్యాదులన్నీ ఒకే నర్సు చేతికి వస్తాయి. అందిందన్న జవాబు 24 గంటల్లో, ఏం చేశారన్నది మూడు రోజుల్లో వెళ్ళాలి. వారానికోసారి, చెప్పిన రోజున, చెప్పిన వేళకు ఆ నర్సే కూతురికి పది నిమిషాలు ఫోన్ చేస్తుంది, విశేషమేమీ లేకపోయినా సరే. కేర్ హోమ్ నంబరు కనబడితే గుండె జారిపోయే కుటుంబాలకు, చెడు కబురు లేని ఫోన్లు కూడా వస్తాయని అలవాటు కావాలి. మాట్లాడే తీరుకూ పద్ధతి ఉంది. "అమ్మగారు బాగానే ఉన్నారండీ" అని మొదలెడితే అవతలివాళ్ళకు ఏమీ చెప్పనట్టే. నిద్ర, తిండి, కదలిక, ఆ వారంలో ఆవిడ అన్న ఒక మాటో చేసిన ఒక పనో చెప్పాలి, చివర్లో వచ్చే వారం ఏం జరగబోతుందో.

అప్పుడు బయటపడినవి

స్వెటర్ సంగతి తేలిన పది రోజులకు కూతురు తనంతట తానే కూర్చుని మాట్లాడింది. "అమ్మను ఇక్కడ వదిలిన మొదటి రాత్రి తెల్లారేదాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయానండీ. నాలుగేళ్ళలో అలాంటి నిద్ర లేదు. లేచాక నా మీద నాకే అసహ్యం వేసింది."

కేర్ హోమ్ కుటుంబాల్లో అన్నిటికన్నా ఆలస్యంగా బయటికొచ్చే మాట ఇది. దుఃఖం చెప్పుకుంటారు, కోపం చూపిస్తారు, ఊరట కలిగిందని మాత్రం చెప్పరు. ఆ ఊరటకు శిక్షగానే రోజూ మూడు గంటల కాపలా, పదకొండు ఫిర్యాదులు. దీని కింద ఇంకో పొర ఉంది. జబ్బు రాకముందు ఎప్పుడో తల్లి అన్నారట: "నన్ను ఎక్కడికీ పంపకే." "పంపనమ్మా" అని ఈమె మాటిచ్చింది. బంధువుల్లో ఒకరు "కన్నతల్లిని తీసుకెళ్ళి వదిలేసింది" అన్నారని చెవిన పడింది. ఆ మాటకూ తనలోని మాటకూ తేడా లేదు కాబట్టే అంతగా గుచ్చుకుంది.

సంరక్షకుల మీద పడే భారాన్ని కొలిచే జారిట్ భార సూచికలో 22 ప్రశ్నలుంటాయి, ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 88. ఆమెకు 49 వచ్చింది. 41 నుంచి 60 దాకా మధ్యస్థం నుంచి తీవ్ర భారం కింద లెక్క. మొత్తం కన్నా విడి ప్రశ్నలు ఎక్కువ చెబుతాయి. "ఇంకా ఎక్కువ చేయాల్సింది", "ఇంకా బాగా చూసుకోగలిగేదాన్ని" అనే 20, 21 ప్రశ్నలకు రెండింటికీ నాలుగేసి పెట్టింది. తన ఆరోగ్యం, తనకంటూ సమయం గురించిన ప్రశ్నలకు అప్పటికే ఒకట్లే. అంటే భారం తగ్గలేదు, రూపం మార్చుకుంది. కేర్ హోమ్‌లో చేర్చగానే సంరక్షకులు తేలికపడతారన్న అంచనా తప్పని 2004లో షుల్జ్ బృందం డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు) ఉన్నవాళ్ళ కుటుంబాల మీద చేసిన అధ్యయనం కూడా చూపింది. ఇంట్లో చూసుకుంటున్నప్పుడు ఉన్నంత డిప్రెషన్, ఆందోళన చేర్చిన తర్వాతా అలాగే ఉన్నాయి. భార్యలూ భర్తల్లో ఇంకా ఎక్కువ.

ఇచ్చిన మాట విషయంలో "మీ తప్పు లేదు" అన్న ఓదార్పు పనిచేయదు. కూతురు దాన్ని అప్పటికే చాలామంది నోట విని ఉంది. బదులుగా ఆ మాటను విప్పి చూడమన్నారు. అమ్మ భయపడింది దేనికి? చాలాసేపటికి వచ్చిన జవాబు: "పరాయివాళ్ళ మధ్య ఒక్కతే అయిపోతానని." అయితే ఇప్పుడు నిలబెట్టుకోవాల్సింది ఇల్లు అన్న గోడలను కాదు, ఒక్కతే కాకుండా చూడటాన్ని. అది కేర్ హోమ్‌లోనూ చేయదగ్గ పని. ఆ తర్వాతి ప్రశ్నలన్నీ ఆచరణలోకి దిగాయి.

రాకపోకలు

సాయంత్రం నాలుగు నుంచి ఏడు, డిమెన్షియా ఉన్న చాలామందికి రోజంతటిలోకీ గడ్డు సమయం. పొద్దువాలే కొద్దీ కంగారు, తడబాటు పెరుగుతాయి. కూతురు రోజూ చూస్తున్నది తల్లి అధ్వాన్నపు మూడు గంటలనే. వారానికి నాలుగు రోజులు, పొద్దున పదిన్నర నుంచి ఒక గంటకు మార్చారు. ఒప్పుకోవడానికి రెండు వారాలు పట్టింది. "తక్కువ రండి" అంటే ఆమెకు ఇంకో వదిలివేతలా వినిపించింది. "రెండు వారాలు చేసి చూద్దాం, అమ్మగారి రాత్రి నిద్ర చార్టు మీరే చూడండి" అన్నాక సరేనంది.

ఖాళీ చేతులతో కూర్చుంటే గంట గడవదు. మధ్యాహ్నం ఆవిడ జడ విప్పేసుకుంటారు కదా, వచ్చిన రోజుల్లో పొద్దుటి జడ వేయకుండా కూతురికే వదిలేశారు. గోళ్ళు తీయడం, చేతులకు క్రీము రాయడం కూడా అంతే. అటెండెంట్ పని తగ్గిందని కాదు, కూతురు మళ్ళీ కూతురు కావడానికి. దాంతోపాటు ఆవిడ జీవితం గురించి ఒక పేజీ రాయించి మంచం దగ్గర అంటించారు: ఏ పేరుతో పిలిస్తే పలుకుతారు, ఎడమవైపు తిరిగి పడుకుంటారా కుడివైపా, ఏ మాటకు కోపం వస్తుంది, ఏం పని చేసేవారు. ఒక పేజీ దాటితే రాత్రి షిఫ్టులో ఎవరూ చదవరు.

"నన్ను ఇంటికి తీసుకెళ్ళవే" అన్న మాట ప్రతిసారీ వచ్చేది. కూతురు మొదట్లో వాదించేది ("ఇప్పుడు ఇదే మనిల్లమ్మా"), తర్వాత "రేపు తీసుకెళ్తా" అనేది. రెండూ బెడిసికొట్టాయి. వాదిస్తే ఏడుపు, 'రేపు' అంటే బ్యాగు సర్దమని తలుపు వైపే చూస్తూ కాపు. నేర్పిన పద్ధతి: ఔననీ కాదనీ అనకుండా ఇంటి గురించే అడగడం. "ఇల్లు గుర్తొస్తోందా అమ్మా? అక్కడ ఎవరున్నారు?" జవాబుల్లో వచ్చింది చాలాసార్లు పుట్టింటి ఊసే, ఇప్పటి ఇల్లు కాదు. అది విన్న రోజున కూతురి భుజాలు కాస్త దిగాయి.

వెళ్ళిపోవడం ఇంకా కష్టం. గుమ్మం దగ్గర నాలుగైదు సార్లు "వెళ్ళొస్తానమ్మా" అని వెనక్కి తిరగడం ఇద్దరికీ హింస. పదకొండున్నరకు ఐదు నిమిషాల ముందే అటెండెంట్ గదిలోకి వచ్చి మాట కలపాలి, ఆవిడను భోజనాల గదికి తీసుకెళ్ళాలి. అక్కడ బల్ల దగ్గర కుదురుకున్నాక కూతురు చెయ్యి నొక్కి ఒక్కసారి చెప్పి కదలాలి. అప్పుడు వెళ్ళిపోతున్నది తల్లి గదిలోంచి కాదు, భోజనం బల్ల దగ్గరి నుంచి. ఇరవై నిమిషాల తర్వాత నర్సు ఒక మెసేజ్ పెడుతుంది: తిన్నారా, ఏడ్చారా. ఏడిస్తే ఏడ్చారనే రాయాలి.

ఎవరూ అడగని మనిషి

పెద్దాయన కూతురితో కారులో వచ్చేవారు. గదిలో ఐదు నిమిషాలు నిలబడి బయటి బెంచీ మీద కూర్చునేవారు. "నాన్న గట్టివాడు" అని అందరి మాట. మూడో వారంలో ఎవరో గమనించిందల్లా బెల్టుకు కొత్త చిల్లు. బరువు చూపిస్తే 61 కిలోల నుంచి 57కు దిగారు. నెలలో 5 శాతం దాటిన తగ్గుదలను ఎవరిలోనైనా పట్టించుకోవాలి. ఇది ఆరు శాతం పైనే.

డిప్రెషన్‌ను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో 27కి 14. పది గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరు చూడాలి. తొమ్మిదో ప్రశ్న, చనిపోతే బాగుండునన్న తలంపు గురించినది, సున్నా కాలేదు. ఆ ప్రశ్నకు సున్నా తప్ప ఏ జవాబు వచ్చినా మొత్తం స్కోరుతో పనిలేదు, ఆ రోజే సూటిగా అడగాలి: ఎలా చేసుకోవాలని ఆలోచించారా, మందులు దాచారా, రాత్రి ఇంట్లో ఎవరుంటారు? ప్రణాళిక లేదు. అయినా అదే రోజు డాక్టరుకు చూపించారు, రాత్రుళ్ళు ఆయన దగ్గర కూతురు పడుకునే ఏర్పాటైంది.

ఆయన చెప్పింది రెండు వాక్యాలు. "నన్ను చూస్తే ఆవిడ ఏడుస్తుంది, అందుకే లోపలికి వెళ్ళను. ఇంట్లో రెండో కంచం తీసి పెట్టడానికి చెయ్యి వెళ్తుంది, ఆవిడ పోలేదు కదా, ఏడవడానికీ లేదు." అమెరికన్ కుటుంబ చికిత్స నిపుణురాలు పౌలీన్ బాస్ 1970లలో 'తేలని వియోగం' అని వివరించినది ఇదే: మనిషి ఎదురుగా ఉంటుంది, ఆ బంధం ఉండదు; చావు కాదు కాబట్టి నలుగురు వచ్చి కూర్చోరు. కూతురి బాధ అపరాధభావం, ఈయనది ఒంటరితనం. ఇద్దరినీ ఒకే కుర్చీల వరుసలో కూర్చోబెట్టి కుటుంబ కౌన్సెలింగ్ మొదలెట్టి ఉంటే కూతురి మాటల కింద ఈయన మళ్ళీ మాయమయ్యేవారు. అందుకే విడిగా.

ఆయనకు కావాల్సింది చిన్నది. వారానికి రెండు మధ్యాహ్నాలు ఒక గంట తలుపు మూసి ఉండాలి, మందుల బండి కూడా ఆ వేళకు రాకూడదు. ఎదురెదురు కుర్చీలు తీసి పక్కపక్కన వేశారు. ఎదురుగా కూర్చుంటే మాట్లాడాల్సి వస్తుంది, పక్కన కూర్చుంటే చెయ్యి పట్టుకుంటే చాలు. ఆవిడ ఏడ్చిన రోజులున్నాయి. ఏడుపంటే హాని జరిగిందని కాదని, గుర్తుపట్టినప్పుడూ ఏడుపొస్తుందని నర్సు ఆయనకు చెప్పాల్సివచ్చింది, ఒకసారి కాదు.

కొడుకు రాక

ఎనిమిదో వారంలో పెద్దావిడకు ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ వచ్చింది. మింగడం బలహీనపడిందని స్పీచ్ థెరపిస్టు మూడో వారంలోనే మెత్తటి ఆహారం, చిక్కబరిచిన ద్రవాలు రాశారు. కూతురు ఇంటి నుంచి తెచ్చి పెడుతూనే ఉంది. వరండాలో ఒకరు "బయటి తిండి వల్లే వచ్చింది" అనేశారు. నిజానికి ఈ దశలో సొంత లాలాజలం కూడా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. ఏ ఒక్క ముద్దకూ ముడిపెట్టలేం. డాక్టరు ఆ మాట కూతురితో స్వయంగా చెప్పారు. తిండి తేవడాన్ని నిషేధించకుండా పద్ధతి పెట్టారు. థెరపిస్టు సరేనన్న మెత్తదనంలోనే తేవాలి. పూర్తిగా నిటారుగా కూర్చోబెట్టాలి. అర టీస్పూను పెట్టి మింగాకే రెండోది, మధ్యలో బుగ్గల్లో దాచుకున్నారేమో చూడాలి. దగ్గు, నిద్రమత్తు కనబడితే ఆపాలి. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు.

తొమ్మిదో వారంలో కొడుకు దిగాడు. రెండు రోజుల్లో వేరే కేర్ హోమ్, పెద్దాసుపత్రి, తిండి పెట్టడానికి కడుపులోకి ట్యూబు, మూడూ అడిగాడు. "ఇన్నాళ్ళూ ఏం చూశావక్కా?" అన్నాడు. దూరం నుంచి వచ్చి అన్నీ మార్చమనే బంధువు గురించి 1991లోనే వృద్ధుల వైద్య పత్రికలో 'కాలిఫోర్నియా నుంచి వచ్చిన కూతురు' అన్న పేరుతో వ్యాసం వచ్చింది. పేరు నవ్వు తెప్పిస్తుంది కానీ సిబ్బంది గదిలో ఆ నవ్వు ప్రమాదం. అతను చివరిసారి చూసినప్పుడు తల్లి నడుస్తూ ఉంది, పేరు పెట్టి పిలిచింది. మిగతావాళ్ళు ఏళ్ళ తరబడి మెట్టు మెట్టుగా దిగినదాన్ని అతను ఒక్కసారిగా చూశాడు.

కుటుంబ సమావేశం 45 నిమిషాలు. డాక్టరు, నర్సు, సోషల్ వర్కర్, ముగ్గురు కుటుంబసభ్యులు. అంతకు మించి తెల్లకోట్లు వద్దు. ముందు ప్రతివాళ్ళూ జబ్బు గురించి తమకు తెలిసింది చెప్పాలి, కొడుకుతో మొదలు. ఇది చేయకుండా డాక్టరు వివరణతో మొదలెడితే ఎవరికి ఏం తెలియదో చివరిదాకా తెలియదు. ట్యూబు గురించి నేరుగా చెప్పారు. ఆవిడ ఇంకా నోటితో తింటున్నారు కాబట్టి ఇప్పుడు ఆ అవసరం లేదు. జబ్బు ముదిరాక పెట్టినా న్యుమోనియాను ఆపుతుందని, ఆయుష్షు పెంచుతుందని ఆధారాలు లేవు. చేత్తో జాగ్రత్తగా తినిపించడాన్నే అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ 2014లో సిఫారసు చేసింది. కొడుక్కి కూడా పని కావాలి. వారానికోసారి నర్సు చేసే ఫోన్‌లో ఆ తర్వాతి వారం నుంచి అతన్నీ కలిపారు, మందుల జాబితా, రిపోర్టుల బాధ్యత అప్పగించారు. తీర్మానాలు ఒక పేజీలో రాసి ముగ్గురికీ ఒకే రోజు పంపారు.

ఐదో నెల

కూతురి జారిట్ స్కోరు 49 నుంచి 36కు వచ్చింది. 20, 21 ప్రశ్నల్లో ఒకటి మూడైంది, ఇంకొకటి నాలుగులోనే ఉంది, అలాగే ఉండొచ్చు కూడా. పెద్దాయన పీహెచ్‌క్యూ-9లో 7, తొమ్మిదో ప్రశ్న సున్నా, బరువు 59. ఫిర్యాదులు నెలకు ఒకటో రెండో. సున్నా కావాలని ఎవరూ కోరుకోలేదు. కుటుంబం అడగడం పూర్తిగా మానేస్తే భయం పట్టిందా, విసిగిపోయారా అని చూడాల్సివస్తుంది. అక్కాతమ్ముళ్ళ మధ్య ఆ "ఏం చూశావక్కా" మాత్రం పోలేదు. ఫోన్‌లో మర్యాదగా మాట్లాడుకుంటారు, నర్సు లైన్లో ఉన్నంతసేపు.

పెద్దావిడ బరువు ఆరు నెలల్లో 10 శాతం తగ్గినా, ఇన్ఫెక్షన్ మళ్ళీ వచ్చినా మరో సమావేశం పెట్టాలని, ఆసుపత్రికి మార్చాలా అక్కడే చూడాలా అన్నది అవసరం ముంచుకొచ్చిన రోజు వాదించుకోకుండా ఆ సమావేశంలోనే తేల్చాలని ఫైల్లో ఉంది. రాత్రివేళ ఏదైనా జరిగితే ముందు ఫోన్ కూతురికే. పెద్దాయనకు ఫోన్‌లో చెప్పకూడదు, ఆమె వెళ్ళి చెబుతుంది. కొడుక్కి అక్కడి సమయం ఎంతైనా సరే గంటలోపు. ఆవిడ పోయాక సామాన్లు చెత్త సంచుల్లో కట్టి ఇవ్వకూడదు, ఇంటి నుంచి తెచ్చిన పెట్టె గదిలోనే ఉంది. గది ఖాళీ చేయడానికి కనీసం మూడు రోజులు. తర్వాత రెండో వారంలో ఒకసారి, ఆరో వారంలో ఒకసారి అదే నర్సు ఫోన్ చేస్తుంది, పెద్దాయనకు విడిగా.